తాత పెట్టెలో పాత మంత్రాల పుస్తకం దొరికింది, చూసి సాధన చేయొచ్చా?

పెన్నా ఒడ్డు కుర్రోడు (కోవూరు):

అందరికీ నమస్కారం. పాత ఇల్లు పడగొట్టించే ముందు అటక మీద సామాన్లు దించితే మా తాత రేకుపెట్టె ఒకటి బయటపడింది. అందులో పంచాంగాలు, రసీదులు, వాటి కింద అట్ట ఊడిపోయిన మంత్రశాస్త్రం పుస్తకం, ఇంకా తాత చేత్తో రాసుకున్న నోటుబుక్కు ఉన్నాయి. పుస్తకం మద్రాసులో అచ్చయింది, సంవత్సరం ఉండాల్సిన మూల చెదలు తినేసింది. లోపల మంత్రాలు, వాటి పైన ఋషి ఛందస్సు అని ఏదో వరస, రాగి రేకు మీద గీసే యంత్రాలు, వేర్లూ ఆకులతో చేసే ప్రయోగాలు, వశీకరణం, స్తంభనం, దొంగను పట్టే అంజనం, తేలు మంత్రం, పశువులకు గాలికుంటు వస్తే చదివేవి, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి.

ఎవరి మీదా ఏదీ ప్రయోగించే ఉద్దేశం నాకు లేదు, ముందే చెప్తున్నా. కానీ ఈ విద్య అంటే చిన్నప్పట్నుంచీ ఆసక్తి. యూట్యూబ్‌లో చూస్తే ప్రతివాడూ సగం చెప్పి మిగతాది కావాలంటే కింద నంబరుకు ఫోన్ చేయమంటాడు, చేస్తే డబ్బులు. అలాంటిది అసలు పుస్తకమే ఇంట్లో ఉన్నప్పుడు నేనే చదువుకుని మొదలుపెడితే పోయేదేముంది అనిపిస్తోంది. గురువు లేకుండా కుదురుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? అందులో రాసిన సరుకులు ఇప్పుడు దొరుకుతాయా? పాత అచ్చు కదా, తప్పులుంటే ఎట్టా తెలుస్తుంది? అమ్మ అయితే ఆ పెట్టె ముట్టుకుంటే కాళ్ళు విరగ్గొడతానంటోంది, జేజి (నాయనమ్మ) మాత్రం ఏమీ అనలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. ఎగతాళి చేసేవాళ్ళు చేసుకోండి పర్లేదు, కాకపోతే కాస్త విషయం ఉండాలి.

బుచ్చి అయ్యవారు:

నాయనా, ఆ పుస్తకాలు కొత్తగా నేర్చుకునేవాడి కోసం రాసినవి కావు. నేర్చుకున్నవాడు మరిచిపోకుండా రాసి పెట్టుకున్నవి. పెళ్ళి వంటవాడి జేబులో ఉండే చీటీ చూసి నువ్వు వంట చేయగలవా? ఇదీ అంతే, సగం విషయం రాసినవాడి బుర్రలోనే ఉండిపోయింది.

నీ పుస్తకంలో మంత్రం ఏ రూపంలో ఉందో చూడు. చాలావాటిలో నేరుగా ఉండదు, శ్లోకంలో దాచి ఉంటుంది. ముందు తారం, తర్వాత మాయ, రమ, చివర వహ్నిజాయ అన్నట్టుగా. తారం అంటే ఓం, మాయ హ్రీం, రమ శ్రీం, కామం క్లీం, వాగ్భవం ఐం, వర్మ హుం, అస్త్రం ఫట్, వహ్నిజాయ అంటే స్వాహా. వీటిని విడదీసి అసలు మంత్రం తయారు చేసుకోవడాన్ని మంత్రోద్ధారం అంటారు. ఇది తెలియక ఆ శ్లోకాన్నే మంత్రం అనుకుని పొద్దున్నే తలస్నానం చేసి చదివేవాళ్ళు నాకు తెలుసు. 'అముకం' అని ఉన్నచోట ఎవరికోసం చేస్తున్నారో వాళ్ళ పేరు పెట్టాలి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు 'అముకం మే వశమానయ' అని నెలల తరబడి చదివితే ఆ అముకం అనేవాడెవరో వశమవుతాడేమో నాకు తెలియదు.

ఇక ఋషి ఛందస్సు వరస. ఋషి, ఛందస్సు, దేవత, బీజం, శక్తి, కీలకం, వినియోగం. ఇది పుస్తకానికి శోభ కోసం వేసింది కాదు. ఋషిని చెప్తూ తల తాకాలి, ఛందస్సుకు నోరు, దేవతకు గుండె. ఆ తర్వాత వేళ్ళకు కరన్యాసం, ఒంటికి అంగన్యాసం (మంత్రం చెప్తూ ఆ చోట్లు తాకడం), ధ్యానశ్లోకం, పంచపూజ, అప్పుడు జపం. చాలా పుస్తకాల్లో ఇదంతా రాయకుండా 'న్యాసం యథావిధి' అని ఒక్క ముక్కతో సరిపెడతారు, ఆ విధి ఏందో నీకు తెలుసని వాళ్ళ నమ్మకం.

లెక్క కూడా చెప్తా విను. మంత్రంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షల జపం, దాన్ని పురశ్చరణ అంటారు. నమశ్శివాయ అయిదక్షరాలు కాబట్టి అయిదు లక్షలు. అందులో పదో వంతు హోమం, యాభై వేలు. అందులో పదో వంతు తర్పణం, అయిదు వేలు. తర్వాత మార్జనం, అంటే నీళ్ళు చల్లుకోవడం, అయిదు వందలు, భోజనం పెట్టాల్సింది యాభైమందికి. మాలలో 108 పూసలున్నా ఎనిమిది తప్పుల కింద వదిలేసి వందే లెక్క కట్టడం ఆనవాయితీ. రోజుకు పది మాలలు క్రమం తప్పకుండా చేస్తే ఒక్క జపానికే 500 రోజులు. ఇది అన్నింటికంటే తేలిక మంత్రం సంగతి. పుస్తకంలో కింద 'సిద్ధిస్తుంది' అని ఒక్క మాటలో రాసిందాని వెనక ఇంత ఉంది.

గురువు లేకుండా కుదరదని ఒక్క మాటలో కొట్టిపారేయను. నామానికి, స్తోత్రానికి, నమశ్శివాయకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, రేపట్నుంచే మొదలుపెట్టు. హ్రీం, క్లీం లాంటి బీజాక్షరాలతో కూడినవీ, ఉగ్రదేవతలవీ మాత్రం ఉపదేశం లేకుండా ముట్టుకోవద్దు. వశీకరణం, స్తంభనం (కదలకుండా చేయడం), విద్వేషణం (విరోధం పెట్టడం), ఉచ్చాటనం (ఉన్నచోటు నుంచి తరిమేయడం), మారణం (చంపడం), ఈ అయిదూ పక్కన పెట్టు, షట్కర్మలనే ఆరు ప్రయోగాల్లో మిగిలింది శాంతి ఒక్కటే, అది చాలు. 1588లో కాశీలో మంత్రమహోదధి అనే మంత్రశాస్త్ర గ్రంథం రాసిన మహీధరుడు కూడా చివరి తరంగంలో (అధ్యాయంలో) ఈ ఆరింటినీ వివరంగా చెప్పి, కోరికతో చేసేవాడికి ఆ కోరిక వరకే ఫలం అని తేల్చాడు. అంతా చెప్పినవాడే ఆ మాట అన్నాడు, గమనించు.

కర్నూలు రోడ్డు కామ్రేడు (ఒంగోలు):

అయ్యవారూ, లెక్కలు బాగున్నాయి. 500 రోజులు పది మాలల టైం పెడితే గ్రూప్ టూ వస్తుంది, నేను హామీ.

తమ్ముడూ, ఎగతాళి పక్కన పెట్టి ఒక్క విషయం చెప్తా, ఆ తేలు మంత్రం గురించి. అది పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుందంటే, తేలు కుట్టినవాళ్ళలో ఎక్కువమందికి నొప్పి కొన్ని గంటల్లో దానంతటదే తగ్గుతుంది. మంత్రం వేసినా తగ్గుతుంది, వేయకపోయినా తగ్గుతుంది, పేరు మాత్రం మంత్రానికి. కానీ మన మెట్ట ప్రాంతాల్లో ఎర్రతేలు ఉంది చూశావా, అది కుడితే నొప్పితో పోదు. చల్లటి చెమటలు, వాంతులు, ఆ తర్వాత గుండె మీదకు, ఊపిరితిత్తుల్లోకి నీరు. పిల్లలకైతే మరీ ప్రమాదం. దానికి ప్రజోసిన్ అని మాత్ర ఉంది, మామూలుగా బీపీకి వాడేదే. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో దాన్ని ఎర్రతేలు కాటుకు వాడి చూపించాడు, 2022లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకు. కాబట్టి మీ తాత నోటుబుక్కు ఎంత గొప్పదైనా తేలు కుడితే ఆస్పత్రికి, పాము కరిస్తే ఇంకా తొందరగా ఆస్పత్రికి. అక్కడికి వెళ్ళే దారిలో నోటితో ఏం చదువుకుంటావో అది నీ ఇష్టం.

ఇంకోటి. రేపు నువ్వు నేర్చుకుని ఎవరికైనా తాయెత్తు కట్టి రోగం నయమవుతుందని ప్రకటన వేశావనుకో, 1954 నాటి చట్టం ఒకటుంది, మంత్రం, తాయెత్తు, కవచం అని పేర్లు పెట్టి మరీ ఆ ప్రకటనలను నిషేధించారు. నువ్వు చూసే ఆ యూట్యూబ్ సాములకు ఇది తెలియదనుకుంటా.

బాలాజీ నగర్ బుల్లోడు:

అంజనం పేజీ ఫొటో పెట్టు బ్రో, నా ఇయర్‌బడ్స్ ఎవడో కొట్టేశాడు

గళ్ళ లెక్క (కందుకూరు):

అచ్చుతప్పులు ఎట్టా పట్టాలని అడిగావు కదా, మంత్రాల్లో అయితే ఇంకో ప్రతి పక్కన పెట్టి చూడటమే, యంత్రాల్లో మాత్రం నువ్వే పట్టుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. తొమ్మిది గళ్ళ యంత్రాలుంటాయి చూడు, నవగ్రహాలవి. అడ్డం, నిలువు, మూల నుంచి మూలకు ఎటు కూడినా ఒకటే మొత్తం రావాలి. సూర్యుడికి 15, చంద్రుడికి 18, కుజుడికి 21, బుధుడికి 24, అట్టా మూడేసి పెరుగుతూ గురుడికి 27, శుక్రుడికి 30, శనికి 33, రాహువుకు 36, కేతువుకు 39. సూర్యుడి యంత్రంలో 1 నుంచి 9 వరకు అంకెలు, చంద్రుడికి 2 నుంచి 10, ఇట్టా ఒక్కో గ్రహానికి ప్రతి గడిలో ఒకటి కలుపుకుంటూ పోవడమే. మధ్య గడి ఎప్పుడూ మొత్తంలో మూడో వంతు. ఇది పాటించకపోతే అచ్చు తప్పు, అంతే.

నాకు మంత్రాల మీద నమ్మకమూ లేదు, పగా లేదు, ఈ గళ్ళంటే పిచ్చి. తావీజులు రాసే సాయిబులు వాడే చదరం కూడా ఇదే 15, మూలల్లో 2, 4, 6, 8 అంకెలకు సరిపోయే నాలుగు అరబ్బీ అక్షరాలు. యూరప్‌లో కూడా ఇదే ఉంది. అగ్రిప్ప అనే జర్మన్ పండితుడు మాయావిద్యల మీద రాసిన మూడు భాగాల పుస్తకం 1533లో పూర్తిగా అచ్చయింది, అందులో ఏడు గ్రహాలకు ఏడు చదరాలిచ్చాడు. మన సూర్యుడి చదరం ఆయన దగ్గర శనిది. సూర్యుడికి ఆరు వరసల పెద్ద చదరం, ఎటు కూడినా 111. అంటే ఒకే పటాన్ని ఒకరు సూర్యుడని, ఒకరు శని అని పూజించారన్నమాట. ఫలితం మాత్రం ఎవరిది వాళ్ళకు వచ్చిందనే అంటారు, అది నన్ను అడగొద్దు.

పాత పుస్తకాలు పోల్చుకోవాలంటే వేటపాలెం సారస్వత నికేతనం వెళ్ళు. 1918 నాటి లైబ్రరీ, 2022 దాకా ప్రకాశం జిల్లానే, ఆ తర్వాత బాపట్లలోకి పోయింది. పాత తెలుగు పుస్తకాలకు అంతకంటే మంచి చోటు మనకు దగ్గర్లో లేదు.

చిన్నబజారు మూలికలు (నెల్లూరు):

సరుకుల గురించి నేను చెప్తా, మా ఇంట్లో అందరం ఈ వ్యాపారమే. ఇట్టాంటి పుస్తకాలు పట్టుకుని అంగడికొచ్చేవాళ్ళు నెలకు ఒకరిద్దరైనా ఉంటారు.

దొరికేవి ముందు. తెల్లజిల్లేడు వేరు, ఉత్తరేణి, విష్ణుక్రాంతం, సహదేవి, ఇవి మా దగ్గర కొనక్కర్లేదు, మీ కాలవగట్టు మీదే ఉంటాయి. పుస్తకాల్లో ఆదివారం పుష్యమి వచ్చిన రోజు తవ్వమంటారు. ముందురోజు సాయంత్రం చెట్టుకు నీళ్ళు పోసి, పసుపు కుంకుమ పెట్టి, రేపొచ్చి తీసుకుంటానని చెప్పి రావాలి, ఇనుము తగలనీయకుండా తీయాలి. ఇందులో నష్టమేమీ లేదు, చేసుకో. భూర్జపత్రం హిమాలయాల్లో పెరిగే చెట్టు బెరడు, మా దగ్గర చిన్న ముక్కలు దొరుకుతాయి, కానీ మనవైపు అందరూ రాగి రేకే వాడతారు. గోరోచనం మాత్రం అడగొద్దు. ఆవు పిత్తాశయంలో కట్టే రాయి అది, అసలుది బంగారం కంటే ఖరీదు, వంద రూపాయలకు డబ్బాలో ఇచ్చేది ఏదో పసుపు రంగు ముద్ద.

ఇక వద్దని చెప్పేవి. తాళకం అని, దాన్నే హరిదళం అని, ఇంకా మణిశిల అని రాసి ఉంటుంది. నూరి బొట్టు పెట్టుకోమంటారు, కాటుకలో కలిపి కంటికి పెట్టుకోమంటారు, కొన్నింటిలో నిప్పుల మీద వేయమంటారు. తాళకం పసుపు, మణిశిల ఎరుపు, రెండూ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, రెండూ ఆర్సెనిక్. నిప్పుల్లో వేస్తే వెల్లుల్లి వాసనతో పొగ వస్తుంది, ఆ పొగ పచ్చి విషం. ఇంగిలీకం పాదరసపు రాయి, కాలిస్తే పాదరసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వైద్యులు వీటిని శుద్ధి చేయకుండా ముట్టుకోరు, మంత్రాల పుస్తకంలో ఆ శుద్ధి సంగతే ఉండదు. ఉమ్మెత్త గింజలతో హోమం ఇంకోటి. తలుపులేసుకున్న గదిలో ఆ పొగ పీలిస్తే నోరు ఎండిపోతుంది, కనుపాపలు పెద్దవవుతాయి, లేనివి కనిపిస్తాయి, ఎక్కువైతే ప్రాణం మీదకొస్తుంది. అర్ధరాత్రి దేవత కనపడిందని చెప్పేవాళ్ళలో ఉమ్మెత్త ఎంతమందికి కనపడిందో.

గుడ్లగూబ ఈక, దేవాంగపిల్లి, రెండుతలల పాము అడిగేవాళ్ళు కూడా వస్తారు. మేం అమ్మం. 1972 వన్యప్రాణుల చట్టం కింద కేసు, దేవాంగపిల్లి లాంటి మొదటి షెడ్యూల్ జంతువైతే తక్కువలో తక్కువ మూడేళ్ళు లోపల. ఏ పుస్తకంలో ఉన్నా సరే ఆ పేజీ తిప్పేసేయ్.

కావలి అక్క:

తమ్ముడూ, ఇక్కడ అందరూ పుస్తకంలో ఏముందో చెప్తున్నారు, ఆ పుస్తకం నీ దగ్గరుందని ఊరికి తెలిస్తే ఏమవుతుందో ఒక్కరూ చెప్పలేదు. మొదట తలనొప్పికి విభూతి మంత్రించి పెట్టమని వస్తారు. తర్వాత ఎవరి గేదె చచ్చినా, ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా, ఫలానా ఇంట్లో రాత్రిపూట ఏదో చదువుతుంటారంట అని మొదలవుతుంది. చేతబడి చేశాడని మనిషిని చెట్టుకు కట్టేసి కొట్టిన వార్తలు పేపర్లో చదవడంలా? వాళ్ళలో చాలామందికి మంత్రం ముక్క కూడా రాదు. అమ్మ కోపం మూఢనమ్మకం అనుకుంటున్నావేమో, ఆమె భయం దయ్యాల గురించి కాకపోవచ్చు.

మా చిన్నమ్మ కూతురి సంగతి చెప్తా. పెళ్ళయిన కొత్తలో నిద్ర పట్టక, తిండి సహించక, ఊరికే ఏడుస్తుండేది. ఎవరో ఏదో పెట్టారన్నారు. జొన్నవాడ కామాక్షమ్మ దగ్గర నిద్ర చేయించారు, ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోయారు, అక్కడ మాకు పోయిందేమీ లేదు, పిల్ల కాస్త కుదుటపడింది కూడా. తర్వాత ఒకాయన ఇంటికొచ్చి గడప పక్కన తవ్వించి వెంట్రుకలు చుట్టిన బొమ్మ, ఎండిపోయిన నిమ్మకాయ బయటికి తీశాడు. అందరూ హడలిపోయారు. తవ్వింది ఆయన వెంట తెచ్చుకున్న మనిషి, మట్టిలో చెయ్యి పెట్టింది ఆ మనిషే, పైగా భుజాన కండువా. నిమ్మకాయకు మట్టి తడి కూడా లేదని మా నాయన తర్వాత అన్నాడు, అప్పటికే రెండు సవర్ల గొలుసు కుదువకు పోయింది. చివరికి పొగతోటలో మానసిక వైద్యుడికి చూపించి మందులు వాడాక పిల్ల మామూలైంది. ఆయన కూడా ఏదో పాత పుస్తకం చూసే నేర్చుకున్నానని చెప్పేవాడు.

నిన్ను ఆయనతో పోల్చడం లేదు. ఒక పని చెయ్యి, మీ తాత ఆ పుస్తకంలో నిజంగా ఏ పేజీలు వాడాడో చూడు. వాడిన పేజీకి నూనె, పసుపు, వేలిముద్ర ఏదో ఒకటి అంటి ఉంటుంది. జేజినీ అడుగు. ఆమె ఏమీ అనలేదన్నావు, నువ్వు అడగలేదేమో.

పెన్నా ఒడ్డు కుర్రోడు:

అందరికీ థాంక్స్. ఇన్ని వస్తాయనుకోలేదు.

అక్క చెప్పినట్టు పుస్తకం మొత్తం వెలుతురులో పెట్టి చూశా. వశీకరణం, విద్వేషణం ఉన్న భాగం అంచులు కూడా కోయలేదు, అచ్చాఫీసులో మడిచిన మడత మడతలాగే ఉంది, రెండేసి పేజీలు అతుక్కునే ఉన్నాయి. అంటే తాత వాటిని తెరిచి కూడా చూడలేదు. బాగా నలిగింది తేలు మంత్రం, పిల్లలకు బాలగ్రహం, పశువుల రోగాలు, ఇంకా యంత్రాల్లో ఒక్కటి. ఆ పేజీ కింద మూల అయితే నూనె ఓడి కాగితం అద్దంలా అయిపోయింది. జేజిని అడిగితే, తేలు కుడితే రాత్రీ పగలూ లేకుండా వచ్చేవాళ్ళంట, తాత వేపమండ తిప్పుతూ మంత్రం వేసి, ఆ వెంటనే బండి కట్టించి కోవూరు ఆస్పత్రికి పంపేవాడంట. కామ్రేడన్నా, ఇది మీకోసం ప్రత్యేకంగా రాస్తున్నా. పైసా తీసుకునేవాడు కాదంట, తీసుకుంటే మంత్రం పారదని. ఇప్పుడు ఆ పెట్టె జేజి మంచం కిందకు చేరింది, అమ్మ ఏమీ అనడం లేదు.

నేను ప్రస్తుతానికి నమశ్శివాయతో మొదలుపెడుతున్నా. హోమం మా ఇంట్లో కుదరదు, బదులుగా ఏం చేయాలో అయ్యవారు చెప్పాలి. మూలికలన్నా, తాళకం ఉన్న పేజీల మీద ఎర్ర ఇంకుతో వద్దు అని రాసి పెట్టా.

గళ్ళ లెక్క అన్నా, ఆ నలిగిన పేజీలోది బుధ యంత్రం. నోటుబుక్కులోనూ అదే ఎక్కించుకున్నాడు. పై వరస 9, 4, 11. మధ్య వరస 10, 8, 5. కింద 5, 12, 7. మధ్య వరస ఎంత కూడినా 23 వస్తోంది.

బుచ్చి అయ్యవారు:

హోమం కుదరనివాళ్ళు ఆ సంఖ్యకు రెండింతలు జపం చేస్తారు. యాభై వేలకు లక్ష. తొందరేం లేదు, మానకుండా చెయ్యి. మీ జేజికి నా నమస్కారం చెప్పు.

గళ్ళ లెక్క (కందుకూరు):

బుధుడిది 4 నుంచి 12 వరకు ఉండాలి కదా, నీ దాంట్లో 5 రెండుసార్లు పడింది, 6 లేదు. కుడి నిలువు వరస కూడా 11, 5, 7 కూడితే 23 వస్తుంది చూడు. అడ్డం తప్పు, నిలువు తప్పు కలిసేది మధ్య వరస చివరి గడిలో, అక్కడ 6 ఉండాలి. మిగతావన్నీ సరిపోయాయి. నోటుబుక్కులో పక్కన చిన్నగా రాసిపెట్టు, తాత రాసింది కొట్టేయొద్దు. కేతువుది కూడా ఉంటే పంపు, పాత పుస్తకాల్లో తప్పులు ఎక్కువగా రెండంకెల దగ్గరే దొర్లుతాయి.